పొగకి లెక్క కట్టిన ఊరు: కితాక్యూషూకి పనిమీద వెళ్ళొచ్చాక

(విశాఖపట్నంలో ఇంజనీర్ల నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగం. మాట్లాడిన మాటల్ని దాదాపు ఉన్నవి ఉన్నట్టే రాశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో వినపడుతోందా అండీ? సరే.

ఈ హాల్లో అరకు రైలెక్కనివాళ్ళు ఎవరూ ఉండరు. అద్దాల బోగీలో కూర్చుంటాం, సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలు కేకలు పెడతారు, బొర్రా చూసి బొంగు చికెన్ తిని వచ్చేస్తాం. ఆ లైను మన షికార్ల కోసం వేసింది కాదు. బైలదిల్లా కొండల్లో ఇనుప ఖనిజం ఉంది. జపాన్ ఉక్కు మిల్లులకి ఖనిజం కావాలి. 1960లో రెండు దేశాలకీ ఒప్పందం కుదిరాక, ఆ ఖనిజాన్ని కిరండూల్ నుంచి కొత్తవలస మీదుగా మన రేవుకి దింపడానికి తూర్పు కనుమల్ని తొలిచి ఆ లైను వేశారు. అరవైల నుంచి ఎన్ని ఓడలు ఆ ఎర్రమట్టి నింపుకుని తూర్పుకి పోయాయో ఇక్కడున్న పెద్దవాళ్ళకి నాకంటే బాగా తెలుసు.

అందుకని ఆఫీసులో నన్ను కితాక్యూషూ వెళ్ళమన్నప్పుడు మా ఇంట్లోవాళ్ళు "టోక్యో కాదా, క్యోటో కాదా, అదెక్కడి ఊరు?" అన్నారు గానీ, నాకు మాత్రం సరదా వేసింది. జపాన్‌లో ఆధునిక ఉక్కు పరిశ్రమ పెద్ద ఎత్తున మొదలైంది అక్కడే. ఉక్కు ఊరి నుంచి ఉక్కు ఊరికి వెళ్తున్నా. ఇంతకంటే ఏం కావాలి?

పనేంటో ముందు చెప్పేస్తాను. ఒక బ్యాగ్ ఫిల్టర్. పొగలోంచి ధూళి పట్టే సామాను, మీలో సగంమందికి రోజూ దాంతోనే పని. దానికి ఫ్యాక్టరీ యాక్సెప్టెన్స్ టెస్టు, సామాను పంపకముందే కొనేవాడి మనిషి ముందు ఫ్యాక్టరీలో చేసే పరీక్ష, అదే మనం ఎఫ్ఏటీ అంటామే, అది చూసి సంతకం పెట్టి రావాలి. అమ్మినవాళ్ళ పేరు చెప్పను, కొన్నవాళ్ళ పేరూ చెప్పను. ఇద్దరి దగ్గరా నేను సంతకం పెట్టిన కాగితాలున్నాయి. (నవ్వులు)

దారి సులువే. ఇక్కణ్ణుంచి సింగపూర్, అక్కణ్ణుంచి ఫుకువోకా. ఫుకువోకా ఎయిర్‌పోర్టు ఊరి నడిబొడ్డునే ఉంటుంది, మెట్రోలో రెండో స్టేషనే హకాతా. అక్కడ షింకాన్‌సెన్, అదే బుల్లెట్ రైలు, ఎక్కితే పావుగంటలో కొకురా. కొకురా అంటే కితాక్యూషూలో ఒక ముక్క. ఇది తెలుసుకోకపోతే ఆ ఊరు అర్థం కాదు: కితాక్యూషూ అనే ఊరు 1963 దాకా లేనే లేదు. మోజి, కొకురా, వకామత్సు, యహాతా, తొబాతా అని ఐదు ఊళ్ళు. మోజి రేవు, కొకురా కోట ఉన్న పాత పట్నం, వకామత్సు బొగ్గు ఓడలెక్కే చోటు, యహాతా ఉక్కు, తొబాతా ఫ్యాక్టరీలు. ఐదింటినీ కలిపి ఒక నగరం చేశారు. ఇప్పటికీ టాక్సీవాడు "ఏ ఊరు?" అనే అడుగుతాడు. కితాక్యూషూ అని చెబితే లాభం లేదు. జనాభా ఒకప్పుడు పది లక్షలు దాటింది, ఇప్పుడు సుమారు తొమ్మిది లక్షలు. ఏటా తగ్గుతోంది.

కొకురా స్టేషన్లో దిగగానే ముందు చూపు మోనోరైలు మీద పడుతుంది. రోడ్డు పక్కన ఎక్కడో ఆగదు అది, స్టేషను బిల్డింగు పొట్టలోకి దూరిపోతుంది. హోటలు గది గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు. సూట్‌కేసు తెరిస్తే తలుపు తెరుచుకోదు. బాత్రూము మాత్రం ఇంజనీరు కళ్ళతో చూడండి. గోడ, నేల, టబ్బు, సింకు అంతా ఒకే అచ్చులో పోసినట్టుంటుంది, లీకేజీకి అతుకే ఉండదు. 1964 టోక్యో ఒలింపిక్స్‌కి ముందు ఒక పెద్ద హోటలు గడువులోగా పూర్తికాదేమో అనుకున్నప్పుడు, ఇలా ముందే తయారుచేసిన బాత్రూములు తెచ్చి బిగించారు. చేసింది టోటో కంపెనీ. దాని పుట్టిల్లు ఈ కొకురాయే, 1917లో. వాళ్ళ మ్యూజియం ఉంది, టికెట్ లేదు. కమోడ్ల మ్యూజియమేంటని నవ్వుకుంటూ వెళ్ళాను. బయటికి రాబుద్ధి కాలేదు.

ఇక పని.

పొద్దున్నే ఫ్యాక్టరీలో రేడియో పాటకి వ్యాయామం. మేనేజరు, వెల్డరు, క్యాంటీనావిడ, అందరూ ఒకే వరసలో. 1928లో రేడియోలో మొదలైన అలవాటు అది. తర్వాత ఏ బ్యాచ్‌కి ఆ బ్యాచ్ ఒక బోర్డు చుట్టూ చేరతారు. ఇవాళ చేసే పని బొమ్మ గీస్తారు. ఎక్కడ చెయ్యి ఇరుక్కోవచ్చు, ఎక్కడ కాలు జారొచ్చు, ఏది మీద పడొచ్చు, తలా ఒకటి చెప్పాలి. ఎవరూ చెప్పకుండా తప్పించుకోవడానికి లేదు, నన్నూ అడిగారు. అందులోంచి ఒక్క ప్రమాదం ఎంచుకుని, దానికి చెయ్యాల్సింది ఒక్క వాక్యంలో రాసి, అందరూ వేలు చూపించి గట్టిగా చదువుతారు. డెబ్బైల్లో ఒక ఉక్కు కంపెనీలో మొదలై దేశమంతా పాకిన పద్ధతి ఇది.

వేలు చూపించడం గురించి ఒక మాట. రైల్లో డ్రైవరు సిగ్నలుని వేలితో చూపించి పైకి చెప్పడం యూట్యూబ్‌లో మీరంతా చూసే ఉంటారు. చూసి నవ్వుకునీ ఉంటారు. 1994లో అక్కడి రైల్వే పరిశోధన సంస్థ దాన్ని పరీక్ష పెట్టి చూసింది. ఊరికే చేస్తే వంద పనుల్లో 2.38 తప్పులు. వేలు చూపించి, నోటితో చెప్పి చేస్తే 0.38. మన దగ్గర ఏ ట్రైనింగు పెట్టినా, ఎంత ఖర్చు పెట్టినా తప్పులు అందులో ఆరో వంతుకి తగ్గుతాయా? దీనికి పైసా ఖర్చు లేదు. సిగ్గొక్కటే ఖర్చు.

మా టెస్టులో ఇది నా కళ్ళ ముందే పనిచేసింది, కాస్త వివరంగా చెబుతాను. బ్యాగ్ ఫిల్టర్‌లో ధూళి గాలి కింద గదిలోకి వస్తుంది, గుడ్డ సంచుల్లోంచి వడకట్టుకుని పై గదిలోకి పోతుంది. రెండు గదులకీ మధ్య చిల్లుల రేకు, ట్యూబ్ షీటు. సంచి మెడ ఆ చిల్లులో సరిగ్గా కూర్చోవాలి. వెంట్రుక వాసి సందు ఉన్నా ధూళికి చాలు. సందు ఉందో లేదో ఎలా తెలుస్తుంది? ఫ్యాను వేసి, లోపలికి వచ్చే గాలిలో ఫ్లోరోసెంట్ పొడి చల్లుతారు. కాసేపయ్యాక ఫ్యాను ఆపి, పై గది మూత తీసి, చుట్టూ చీకటి చేసి, యూవీ లైటు వేసి చూస్తారు. అంతా బాగుంటే చీకటే కనిపించాలి.

ఫోర్‌మాన్ అరవై దాటినాయన. రిటైరయ్యాక మళ్ళీ పెట్టుకున్నారట. మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో సంచి మెడ దగ్గరా లైటు పెట్టి, వేలితో చూపించి, "యోషీ" (బాగుంది) అని గట్టిగా అని, ఆ తర్వాతే పక్కదానికి జరుగుతున్నాడు. వెనక ఒక కుర్రాడు నంబరు టిక్కు పెడుతున్నాడు. నాకు విసుగొచ్చింది, నిజం చెప్పాలంటే. వరసంతా ఒక్కసారి లైటు తిప్పితే కనపడదా? అంతలో ఆయన ఆగాడు. "యోషీ" రాలేదు. నేను వంగి చూశాను, నాకేమీ కనపడలేదు. లైటు కోణం మార్చాడు. మెడ అంచున గోరంత ఆకుపచ్చ మెరుపు. సంచి మెడని చిల్లులో బిగించే స్ప్రింగు పట్టీ, స్నాప్ బ్యాండు, ఒక పక్క సరిగ్గా కూర్చోలేదు. వరసగా లైటు తిప్పి ఉంటే అది మన కంట పడదు, ఆ కోణంలో మాత్రమే కనిపిస్తుంది.

తర్వాత జరిగింది ఇంకా బాగుంటుంది. కొనేవాడి మనిషిని నేను, పక్కనే ఉన్నాను. మన దగ్గరైతే ఏం చేస్తాం? బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కి, "ఓకే సార్, పదండి టీ తాగుదాం" అంటాం. (నవ్వులు) ఆయన కుర్రాళ్ళందర్నీ పిలిచాడు. ఒక్కొక్కణ్ణీ వంగి చూడమన్నాడు. ఫొటో తీయించాడు. ఆ ఒక్క సంచినే సరిచేసి వదిలెయ్యలేదు, అన్ని సంచుల బ్యాండ్లూ విప్పించి మళ్ళీ వేయించాడు. పొడి దులిపించి, టెస్టు మొదటినుంచి. సాయంత్రానికి అయిపోవాల్సిన పని మర్నాటికి జారింది. రిపోర్టులో ఆ లోపం రాయమని నేనడగలేదు. వాళ్ళే రాశారు, ఫొటోతో సహా.

ఇది చూసి మనవాళ్ళు వెంటనే అనే మాట ఒకటుంది. "జపాన్ వాళ్ళండీ, క్రమశిక్షణ వాళ్ళ రక్తంలోనే ఉంది." ఈ మాట అంటే ఇక మనం చెయ్యాల్సింది ఏమీ ఉండదు, రక్తం మార్చుకోలేం కదా. నేను ఇవాళ మాట్లాడతానని ఒప్పుకున్నదే ఈ మాట తప్పని చెప్పడానికి. ఎందుకంటే నేను వెళ్ళిన ఊరు, ఇక్కడున్న చాలామంది పుట్టేనాటికి, జపాన్ మొత్తంలో అతి మురికి ఊళ్ళలో ఒకటి.

కాస్త వెనక్కి వెళ్దాం. 1895లో చైనాతో యుద్ధం గెలిచాక జపాన్‌కి పరిహారం డబ్బు వచ్చింది. అందులోంచి కొంత తీసి యహాతాలో ప్రభుత్వ ఉక్కు కర్మాగారం పెట్టారు. యహాతానే ఎందుకంటే, వెనకే చికుహో బొగ్గు గనులు, ముందు రేవు. కొలిమి డిజైను జర్మన్లది, ఇంజనీర్లూ జర్మన్లే. 1901 ఫిబ్రవరిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసు, అంటే ఖనిజాన్ని కరిగించి ఇనుము తీసే పెద్ద కొలిమి, వెలిగింది. వెలిగింది గానీ నడవలేదు. మరుసటి ఏడాదే ఆపేశారు. జర్మనీ కోకుకి సరిపోయే కొలిమి అక్కడి బొగ్గుతో చేసిన కోకుకి పనికిరాలేదు. కొలిమి ఆకారం మార్చి, కోకు ఓవెన్లు సరిగ్గా కట్టుకుని, 1904లో మళ్ళీ వెలిగిస్తే అప్పుడు నిలబడింది. "వాళ్ళు ఏం చేసినా మొదటిసారే కుదురుతుంది" అనేవాళ్ళకి ఈ మూడేళ్ళ కథ చెప్పండి.

ఆ ఫర్నేసు చోటు ఇప్పుడు చూడొచ్చు. 1962లో తిరగకట్టిన ఫర్నేసు అది, 1972లో ఆపేశారు. కూల్చకుండా ఉంచారు, నెత్తిన 1901 అని పెద్ద అంకెలు. మెట్లెక్కి, కరిగిన ఇనుము బయటికి తీసే క్యాస్ట్ హౌస్ దాకా వెళ్ళొచ్చు. నాకు ఇంకా నచ్చింది వేరే ఉంది. 1900లో జర్మన్ ఉక్కు ఫ్రేముతో కట్టిన రిపేరు షాపు. 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది, ఇప్పటికీ రిపేరు షాపుగానే పనిచేస్తోంది. వారసత్వ కట్టడంలో లేతు తిరుగుతోంది. నడుస్తున్న ప్లాంటు లోపల ఉంది కాబట్టి మనల్ని లోపలికి రానివ్వరు. అది సబబే.

సరే, పొగ. ఆ రోజుల్లో పొగంటే వాళ్ళకి గర్వం. యహాతా ఊరి పాటలోనే పొగ ఆకాశమంతా నిండుతోందని మెచ్చుకుంటూ ఉంటుంది. పొగ వస్తుంటే జీతాలొస్తున్నట్టు. ఎర్ర పొగ, నల్ల పొగ, పసుపు పొగ, ఏడు రంగుల పొగ అనేవారు. 1965లో యహాతాలో షిరొయామా అనే పేటలో పడ్డ ధూళి నెలకి చదరపు కిలోమీటరుకి సగటున 80 టన్నులు. ఒక నెల 108 దాకా పోయింది. జపాన్‌లోకెల్లా ఎక్కువ. ఇంజనీర్లం కదా, లెక్క మార్చుకోండి. నెలకి చదరపు మీటరుకి 80 గ్రాములు. మీ మేడ వంద చదరపు మీటర్లనుకుంటే నెల తిరిగేసరికి ఎనిమిది కిలోల మసి ఊడ్చి ఎత్తాలి. పక్కనున్న దోకాయ్ అఖాతంలోకి ఫ్యాక్టరీల నీళ్ళన్నీ పోయేవి. చేపల మాట అటుంచండి, ఆ నీళ్ళలో ఇ-కోలి బ్యాక్టీరియా కూడా బతకదనేవారు. చచ్చిన సముద్రం అని పేరు.

దీన్ని ఎవరు కదిపారు? ఇంజనీర్లు కాదు. ఆడవాళ్ళు. తొబాతాలో మహిళా సంఘాలు.

1950లోనే నకాబారు అనే పేట ఆడవాళ్ళు పక్కనున్న కరెంటు ఉత్పత్తి కేంద్రం మసి మీద గొడవ ఎత్తుకున్నారు. గొడవ అంటే రోడ్డు మీద కూర్చోవడం కాదు. దుప్పట్లు, చొక్కాలు ఉతికి ఆరేసి, ఏది ఎంత నల్లబడుతోందో చూసి, దాన్ని పట్టుకుని మున్సిపాలిటీకి వెళ్ళారు. చివరికి అక్కడ ధూళి పట్టే యంత్రం పెట్టించారు. అరవైల్లో సాన్‌రొకు అనే ఇంకో పేట వాళ్ళు దాన్ని ఇంకా పైకి తీసుకెళ్ళారు. యమగుచి విశ్వవిద్యాలయం నుంచి ఒక ప్రొఫెసరు దగ్గర కూర్చుని కొలవడం నేర్చుకున్నారు. ధూళి ఎంత పడుతోందో నెలనెలా రాశారు. బడికి వెళ్ళి హాజరుపట్టీలు అడిగారు. గాలి బాగాలేని రోజుల్లో పిల్లలు ఎంతమంది జబ్బుపడి బడి మానేస్తున్నారో పక్కపక్కన పెట్టి చూశారు. 1965లో సొంతంగా 8 ఎం.ఎం. కెమెరాతో చిన్న సినిమా కూడా తీశారు. వాళ్ళ నినాదం ఒకటే: మాకు నీలాకాశం కావాలి.

ఇక్కడ మీరు గుర్తుపెట్టుకోవాల్సింది, ఆ ఆడవాళ్ళ మొగుళ్ళలో చాలామంది పనిచేసేది ఆ ఫ్యాక్టరీల్లోనే. పొగ ఆగితే జీతం ఆగుతుందేమోనన్న భయం ఇంట్లోనే ఉంది. అందుకే వాళ్ళు "ఫ్యాక్టరీ మూసెయ్యండి" అనలేదు. "ఇదిగో లెక్క, దీనికి ఏం చేస్తారు?" అన్నారు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పకుండా తప్పించుకోవడం ఏ మేనేజరుకీ కుదరదు. తిడితే తిరిగి తిట్టొచ్చు. హాజరుపట్టీని ఏం తిడతావు?

మా వన్‌టౌన్‌లో మేడ మీద బట్టలు ఆరేసిన ఇల్లాళ్ళకి నుసి గురించి నేను చెప్పక్కర్లేదు. ఎర్ర నుసి ఏ గాలికి వస్తుందో, నల్ల నుసి ఏ గాలికి వస్తుందో మా అమ్మ చెప్పగలదు. ఆ తెలివి మన దగ్గరా ఉంది. నోట్‌బుక్కులోకి ఎక్కలేదు, అంతే.

తర్వాతి కథ తొందరగా చెప్పేస్తాను, ఇది మీకు తెలిసిన దారే. ఊరికి కాలుష్య విభాగం వచ్చింది, ఫ్యాక్టరీలతో ఒప్పందాలు కుదిరాయి, గంధకం తక్కువున్న ఇంధనానికి మారారు, మురుగు కాలువలు వేశారు, ధూళి పట్టే యంత్రాలు పెట్టారు. డెబ్బైల మధ్యలో దోకాయ్ అడుగునుంచి పాదరసం కలిసిన బురద దాదాపు మూడున్నర లక్షల ఘనపు మీటర్లు తోడి తీశారు, ఆ ఖర్చులో పెద్ద వాటా కంపెనీల చేతే కట్టించారు. 1972 నుంచి 1991 దాకా ఆ ఊరు కాలుష్యం మీద పెట్టిన ఖర్చు సుమారు 80 వేల కోట్ల యెన్లు. అందులో మూడింట రెండొంతులు ప్రభుత్వ సొమ్ము, మిగతాది కంపెనీలది. 1990లో ఐక్యరాజ్య సమితి పర్యావరణ సంస్థ అవార్డు ఇచ్చింది. ఇప్పుడు ఆ అఖాతంలో చేపలు, ఇతర సముద్ర జీవులు కలిపి వందకు పైగా రకాలున్నాయంటారు. నేను వకామత్సు రేవు నుంచి తొబాతాకి పడవలో దాటాను. అవతలి గట్టున ఒకాయన గేలం వేసుకుని కూర్చున్నాడు. ఏం పడిందని బుట్టలోకి తొంగిచూస్తే బుట్ట ఖాళీ.

అంటే వరస చూడండి. ముందు దుప్పటి, తర్వాత హాజరుపట్టీ, తర్వాత బడ్జెట్టు. ఫోర్‌మాన్ మోకాళ్ళ మీద కూర్చుని యూవీ లైటుతో వెతికింది ఆ వరసలో ఆఖరిది. ఆయన తొబాతాలోనే పుట్టి పెరిగాడట. ఆయన చిన్నప్పుడు అమ్మ బట్టలు రెండుసార్లు ఉతికేదని, ఫోన్లో అనువాదం పెట్టుకుని చెప్పాడు. ఈ పద్ధతి రక్తంలోంచి వచ్చింది కాదండీ. నేర్చుకున్నారు, అదీ మన కళ్ళ ముందటి కాలంలో.

పొగ గురించే ఇంకొకటి చెప్పాలి, ఇది చెప్పకుండా కొకురా గురించి మాట్లాడటం కుదరదు. 1945 ఆగస్టు 9న రెండో అణుబాంబు పడాల్సింది కొకురా మీద. అక్కడ సైన్యం పెద్ద ఆయుధ కర్మాగారం ఉండేది. కంటితో గురి చూసే వెయ్యాలని విమానానికి ఆజ్ఞ. పైన మూడుసార్లు తిరిగారు, గురి కనపడలేదు. మబ్బనేవాళ్ళున్నారు, ముందురోజు యహాతా మీద వేసిన బాంబుల పొగ అనేవాళ్ళున్నారు, ఉక్కు కర్మాగారంలో కావాలనే తారు కాల్చి పొగ పెట్టామని చెప్పిన కార్మికులూ ఉన్నారు. విమానం నాగసాకి వైపు తిరిగింది. ఆ ఏడాది చివరికి అక్కడ సుమారు 74 వేలమంది పోయారు. ఆయుధ కర్మాగారం ఉన్న చోట ఇప్పుడు పార్కు, 2022లో తెరిచిన శాంతి మ్యూజియం. ఏటా ఆగస్టు 9న అక్కడ స్మారక సభ జరుగుతుంది. తప్పించుకున్న ఊరు, తన బదులు పోయిన ఊరి కోసం పెట్టుకునే సభ. నేను దీనిమీద వ్యాఖ్యానం చెయ్యను.

ఆ మ్యూజియంలో తిరుగుతుంటే నాకు మన ఖరగ్‌పూర్ గుర్తొచ్చింది. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లో మన తెలుగువాళ్ళు ఎంతమందో మీకు తెలుసు. 1944 జూన్‌లో బి-29 విమానాలు జపాన్ ప్రధాన భూభాగం మీద మొదటిసారి దాడి చేసింది ఈ యహాతా ఉక్కు కర్మాగారం మీదే. ఆ విమానాలకి అసలు స్థావరం ఖరగ్‌పూర్ చుట్టుపక్కల. అక్కణ్ణుంచి హిమాలయాలు దాటి చైనాలో చెంగ్‌డూ వెళ్ళి, అక్కడ ఆయిలు నింపుకుని యహాతాకి పోయేవి. ఆ దళానికి కార్యాలయం హిజిలీ జైలు బిల్డింగు. 1951లో ఐఐటీ ఖరగ్‌పూర్ తరగతులు మొదలైంది ఆ బిల్డింగులోనే. మీలో అక్కడ చదివినవాళ్ళున్నారు కదా, చేతులెత్తండి. చూశారా. (నవ్వులు)

ఆదివారం పని లేదు. మోజి వెళ్ళి సముద్రం కింద నడిచాను. కన్మోన్ జలసంధి అడుగున 1958లో వేసిన సొరంగం, పైన కార్లు, కింద మనుషులు. లిఫ్టులో దిగి 780 మీటర్లు నడిస్తే అవతల షిమొనొసెకి, వేరే ద్వీపం. చైనాతో ఆ 1895 ఒప్పందం రాసుకున్నది అక్కడే. మనిషికి టికెట్ లేదు, సైకిలుకి 20 యెన్లు, అదీ తోసుకుంటూ పోవాలి. పొద్దున ముసలాళ్ళంతా అందులో వాకింగ్ చేస్తున్నారు, ఎండా వానా లేదు కదా.

ఊరి ఇప్పటి సంగతి కూడా చెప్పాలి, లేకపోతే అంతా పొగడ్త అయిపోతుంది. ఊరు ముసలిదవుతోంది. యహాతాలో ఒక వీధంతా షట్టర్లు దించేసి ఉంది. ఉక్కు కర్మాగారం స్థలంలో 1990లో స్పేస్ వరల్డ్ అని పెద్ద పార్కు పెట్టారు, 2017 ఆఖరుకి అది కూడా మూసేశారు. ఇప్పుడక్కడ షాపింగు మాల్. మేం చూసిన ఫ్యాక్టరీలో వెల్డర్లలో కుర్రాళ్ళు వియత్నాం నుంచి వచ్చినవాళ్ళే. ఆ ఫోర్‌మాన్ మోకాళ్ళ మీద కూర్చుని చేసే పని రేపు ఎవరు చేస్తారో కంపెనీకే తెలీదు. ఇంకోపక్క అక్కడ బ్లాస్ట్ ఫర్నేసు బదులు పాత ఇనుముని (స్క్రాపుని) కరెంటుతో కరిగించే పెద్ద ఎలక్ట్రిక్ ఆర్క్ ఫర్నేసు పెడతామని ఉక్కు కంపెనీ 2025లో ప్రకటించింది. నూట పాతికేళ్ళ కిందట బ్లాస్ట్ ఫర్నేసుతో మొదలైన చోటు అది. మనలో ఉక్కు మీద బతికేవాళ్ళు ఈ వార్తని జాగ్రత్తగా చదవాలి. స్క్రాపు ఎక్కణ్ణుంచి తెస్తారు, కరెంటు ఏ రేటుకి కొంటారు అన్నది నేను అడిగాను. సమాధానం రాలేదు, నవ్వు వచ్చింది.

చివరిగా, మీరంతా అడగబోయే ప్రశ్నకి ముందే జవాబు చెప్పేస్తాను. తిండి. శాకాహారులకి కష్టమే. కూరగాయ అని కనిపించే ప్రతిదాంట్లో చేప రసం ఉంటుంది. సోబా నూడుల్స్ పులుసులో ఉంటుంది, టోఫు మీద పోసే దాంట్లో ఉంటుంది, వంకాయ మీద కూడా ఉంటుంది. నన్ను నిలబెట్టింది కన్వీనియెన్స్ స్టోర్లో దొరికే అన్నం ముద్ద, ఒనిగిరి. లోపల ఉమెబొషి ఉన్నది తీసుకోండి, ఉప్పులో ఊరేసిన పుల్లటి పండు. దానికి నేను కందిపొడి తోడు చేసుకున్నాను. కందిపొడి, పులిహోర పేస్టు తీసుకెళ్ళండి, సిగ్గుపడకండి. మాంసం తినేవాళ్ళకి బెంగలేదు. తాంగా మార్కెట్ అని నది గట్టున పాత బజారు ఉంది, 2022లో రెండుసార్లు అంటుకుని చాలా భాగం కాలిపోయింది, అయినా నడుస్తోంది. అక్కడ తవుడులో వండిన సార్డిన్ చేప దొరుకుతుంది, మా టీములో తిన్నవాళ్ళు పేరు మర్చిపోలేదు. సాయంత్రం మందు అలవాటున్నవాళ్ళకి కకువుచి ఉంది. మందు షాపులోనే ఒక మూల నిలబడి తాగే చోటు, మన పర్మిట్ రూము లాంటిది, ఈగలు లేకుండా. రాత్రి షిఫ్టు దిగిన ఉక్కు కార్మికుల కోసం పొద్దున్నే తెరిచేవారట. ఇప్పుడు పొద్దున్నే తాగే షిఫ్టులు తగ్గిపోయాయని షాపావిడ బాధపడింది.

నగదు తీసుకెళ్ళండి, చిన్న షాపుల్లో కార్డు తీసుకోరు. విజిటింగు కార్డులు ఎన్ని అనుకుంటారో దానికి రెట్టింపు వేయించుకోండి. ఎఫ్ఏటీకి వెళ్ళేవాళ్ళు తిరుగు టికెట్టు మధ్యలో ఒక రోజు ఖాళీ ఉండేలా చూసుకోండి, సంచి మెడలు మళ్ళీ విప్పాల్సి రావచ్చు. ఆ రిపోర్టు ఫొటోలు నా పెన్ డ్రైవ్‌లో ఉన్నాయి, ప్రొజెక్టరు పనిచేస్తే ఇప్పుడే చూపిస్తాను. ఈలోగా ప్రశ్నలేమైనా ఉంటే అడగండి. ఆ, మూడో వరసలో మీరు... ముందు మైకు తీసుకోండి మాస్టారూ.